పైనుంచి పెళ్ళి ఫొటో తీయడం ఎలా: కెమెరా పైకెక్కితే ఫ్లాష్ ఎక్కడుండాలి?

పెళ్ళి ఆల్బమ్‌లో నెత్తి మీద నుంచి తీసిన ఫొటో ఒక్కటున్నా, పేజీలు గబగబా తిప్పేవాళ్ళు అక్కడ ఆగుతారు. అందులో పెద్ద మాయేమీ లేదు. మామూలు ఫొటోలో జంట వెనక కుర్చీలు, వైర్లు, స్పీకర్ స్టాండు, ఫోన్ చూసుకుంటూ నిలబడ్డ ఎవరో ఒకాయన, అన్నీ పడతాయి. పైనుంచి తీస్తే నేలే బ్యాక్‌గ్రౌండు. రెండు మొహాలు, చుట్టూ పరుచుకున్న దుస్తులు, అంతే.

అది చూసి మనమూ తీద్దామని మోనోపాడ్‌కి, అంటే ఒంటికాలి కెమెరా కర్రకి, కెమెరా తగిలించి, కెమెరా మీదే ఫ్లాష్ పెట్టి, పైకెత్తి నొక్కేస్తాం. యాంగిల్ వస్తుంది గానీ ఫొటో చప్పగా ఉంటుంది. మొహాలు బల్లపరుపుగా, బట్టల మడతలు ఇస్త్రీ చేసినట్టు మాయమైపోయి కనిపిస్తాయి. మొదటి రెండేళ్ళు నేనూ అలాంటివే తీశాను. లెన్స్ మార్చాను, ఎత్తు మార్చాను, లాభం లేకపోయింది. తప్పంతా కెమెరా నెత్తినెక్కి కూర్చున్న ఫ్లాష్‌ది అని చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు దిక్కులు సరిచూసుకోండి

ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయండి. సీలింగు లైటు కింద నిలబడి అద్దంలో చూసుకోండి. కనుబొమల నీడ పడి కళ్ళు గుంటల్లా ఉంటాయి. ఇప్పుడు తల వెనక్కి వాల్చి, లైటుకి అడ్డం రాకుండా ఫోన్‌ని మొహానికి పైన పట్టుకుని సెల్ఫీ తీసుకోండి. గుంటలు పోయాయి, దాంతోపాటు ముక్కు నీడ, బుగ్గల వంపు కూడా పోయాయి. లైటు కదల్లేదు, మీ మొహం తిరిగింది. ఇందాక పై లైటుగా ఉన్నది ఇప్పుడు ఎదురు లైటు అయింది.

పైనుంచి తీసే ప్రతి ఫొటోలోనూ జరిగేది ఇదే. సీలింగు దీపాలు, కెమెరా మీది ఫ్లాష్, సీలింగుకి కొట్టగా తిరిగి కిందికి వచ్చే ఫ్లాష్ వెలుతురు, అన్నీ మొహానికి సూటిగా ఎదురు నుంచే తగులుతాయి. నీడ లేకపోతే ఆకారం తెలియదు. ఆకారం తెలియాలంటే లైటు పక్క నుంచి రావాలి. పైనున్న కెమెరాకి పక్క అంటే కెమెరా కన్నా కింద, మనుషుల పక్కన ఉన్న చోటు. కాబట్టి కెమెరా పైకి వెళ్ళినప్పుడల్లా ఫ్లాష్‌ని దాని మీద నుంచి దించి కిందికి తేవాలి.

అయితే ఏ పక్కన పెట్టినా ఒకటే అనుకోకండి. నేల మీద పడుకున్న జంటని తీస్తున్నారనుకుందాం. ఫ్లాష్ వాళ్ళ పాదాల వైపు ఉంటే లైటు గడ్డం కింద నుంచి పైకి పాకుతుంది. చీకట్లో మొహం కింద టార్చి పెట్టుకుని పిల్లల్ని భయపెట్టినట్టే ఉంటుంది. అదే ఫ్లాష్‌ని వాళ్ళ తలల వైపుకి మారిస్తే నుదుటి నుంచి గడ్డం వైపు దిగుతుంది. మనం రోజూ చూసే మొహం అదే. నిలబడి తల పైకెత్తిన జంటకైతే పక్క నుంచి, వీలైతే వాళ్ళ వీపు వైపుకి ఒక అడుగు జరిపి, తలల కన్నా ఎత్తులో పెట్టండి. ఒకరికొకరు ఎదురుగా నిలబడి ఇద్దరూ పైకి చూస్తుంటే ఒకరి వీపు వైపు ఇంకొకరికి గడ్డం వైపు అవుతుంది గనక, కచ్చితంగా పక్క నుంచే రావాలి. లేదా రెండు ఫ్లాష్‌లు కావాలి.

ఎత్తు లెక్క

పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకి 24 ఎంఎం లెన్స్ పెడితే లెక్క నోటికే వచ్చేస్తుంది. కెమెరా నుంచి ఎంత దూరమో ఫ్రేమ్ పొట్టి పక్క అంత, పొడుగు పక్క దానికి ఒకటిన్నర రెట్లు. రెండు మీటర్ల దూరంలో 3 మీటర్ల పొడుగు, 2 మీటర్ల వెడల్పు కనిపిస్తుంది. దానికన్నా చిన్నదైన ఏపీఎస్-సి సెన్సర్ కెమెరా అయితే 16 ఎంఎం దగ్గర ఇదే లెక్క పనిచేస్తుంది.

2 మీటర్ల మోనోపాడ్‌ని తల ఎత్తులో పట్టుకుని కాస్త ముందుకి వంచితే కెమెరా దాదాపు 3.5 మీటర్ల ఎత్తుకి చేరుతుంది. నిలబడి పైకి చూస్తున్న మొహాలు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటే కెమెరాకీ వాళ్ళకీ మధ్య 1.9 మీటర్లే. అంటే మొహాల దగ్గర సుమారు 2.85 మీటర్లు, 1.9 మీటర్ల ఫ్రేమ్. జంటకి ధారాళంగా సరిపోతుంది, చుట్టూ నలుగురైదుగురిని కూడా ఇరికించవచ్చు. కానీ నేల దగ్గరికి వచ్చేసరికి అదే ఫ్రేమ్ 5.25 మీటర్లు, 3.5 మీటర్లు అవుతుంది. మీ చెప్పులు, మీ బ్యాగు, అసిస్టెంటు కాళ్ళు, అన్నీ అందులోనే ఉంటాయి. అందుకే కెమెరాని సూటిగా కిందికి కాకుండా మీ నుంచి అవతలికి 15 డిగ్రీలు వంచి బిగించండి. మీ పాదాలు ఫ్రేమ్ దాటి బయటికి పోతాయి.

కెమెరా చూపు తలకిందులు గరాటా లాంటిది, కింద వెడల్పు, పైన సన్నం. ఇది గుర్తుంటే ఫ్లాష్‌ని ఎంత దగ్గరికి తేవచ్చో తెలుస్తుంది. నేల మీద స్టాండు పెట్టాలంటే చాలా దూరం జరగాలి. అదే అసిస్టెంటు ఫ్రేమ్ బయట నిలబడి, కర్ర చివర ఫ్లాష్ పెట్టి లోపలికి వంచితే, 2.5 మీటర్ల ఎత్తులో మొహాలకి మీటరున్నర దూరం దాకా తెచ్చినా ఫ్రేమ్‌లో పడదు. అక్కడి నుంచి లైటు 30 డిగ్రీల వాలుతో తగులుతుంది. బుగ్గలకి వంపు ఇవ్వడానికి అది చాలు.

సీలింగు తక్కువగా ఉంటే కెమెరాని ఎక్కించలేం, మనుషుల్నే దించాలి. కూర్చోబెట్టండి, పడుకోబెట్టండి. కింద శుభ్రమైన గుడ్డ పరచడం మర్చిపోకండి, పెళ్ళి బట్టలకి మరక పడితే ఆ రోజుకి మీ మీద మంచి మాట ఎవరి నోటా రాదు.

కెమెరా బిగించడం, ఫోకస్, నొక్కడం

ఇక్కడ నేను కాస్త చాదస్తంగా ఉంటాను. కెమెరా, లెన్స్ కలిపి కిలో దాటుతుంది. అంత బరువు రెండు మీటర్ల కర్ర చివర, అదీ పెళ్ళివాళ్ళ తలల మీద. మోనోపాడ్ ప్రతి లాక్‌నీ చేత్తో గట్టిగా లాగి చూడండి. హెడ్ స్క్రూ బిగించాక కెమెరా పట్టీని కర్రకి చుట్టి విడిగా ముడి వేయండి, స్క్రూ వదులైనా పట్టీ ఆపుతుంది. లెన్స్ హుడ్, వదులుగా వేలాడే మూతలు తీసేయండి. ఫ్యాన్లు ఆపించండి, ఆగాయని మీ కళ్ళతో చూశాకే కర్ర ఎత్తండి. షాండ్లియర్ ఎక్కడుందో ముందే చూసుకోండి. ఒక్కసారి లాక్ జారి కెమెరా ఒక అడుగు సర్రున దిగింది నా చేతిలో. కింద ఎవరూ లేరు, అది టెస్ట్ షాట్. ఆ రోజు నుంచి మనుషుల్ని పిలిచే ముందే ఖాళీ చోటు మీద రెండుసార్లు ఎత్తి దించుతాను.

ఫోకస్ కెమెరాకి వదిలేయకండి. పైనుంచి మొహాలు అడ్డంగానో తలకిందులుగానో కనిపిస్తాయి, కొన్ని కెమెరాలు అక్కడ తడబడతాయి. మీకు 2 మీటర్ల దూరంలో ఉన్న దేని మీదైనా ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. 24 ఎంఎం లెన్స్, ఎఫ్ 5.6 అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం ఎంత తెరుచుకోవాలో చెప్పే అంకె) దగ్గర సుమారు 1.3 మీటర్ల నుంచి 4.7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. మొహాలూ అందులోనే, నేలా అందులోనే.

నొక్కడానికి ఫోన్ యాప్, రిమోట్, టైమర్, ఏదైనా పనికొస్తుంది. నాకు మాత్రం ఇంటర్వల్ టైమరే ఇష్టం. 2 సెకన్లకొకటి చొప్పున కెమెరా దానంతటది తీసుకుంటూ పోతుంది. రెండు చేతులూ కర్ర మీద, రెండు కళ్ళూ మనుషుల మీద ఉంటాయి. ఫోన్ తెరలో చూస్తూ కర్ర పట్టుకుంటే రెండూ సగం సగం అవుతాయి, పైగా హాల్లో వందమంది ఫోన్లుంటే కనెక్షన్ ఎప్పుడు తెగుతుందో తెలియదు.

సైలెంట్ మోడ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఒక పెళ్ళిలో ముహూర్తం సమయంలో శబ్దం రాకూడదని సైలెంట్ మోడ్ పెట్టాను. తర్వాత మెట్ల మీద గ్రూపు ఫొటో. నలభై ఫొటోలు తీశాను, ఒక్కదాంట్లోనూ ఫ్లాష్ వెలగలేదు. విడిగా పెట్టిన ఫ్లాష్‌ని కెమెరా నుంచి వెలిగించే ట్రిగ్గర్‌ని తిట్టాను, బ్యాటరీలు మార్చాను, అసిస్టెంటు మీద విసుక్కున్నాను. ఆ మోడ్‌లో కెమెరా ఎలక్ట్రానిక్ షట్టర్ వాడుతుంది, చాలా మిర్రర్‌లెస్ కెమెరాలు అలాంటప్పుడు ఫ్లాష్‌కి సిగ్నలే పంపవు. మెకానికల్ షట్టర్‌కి మార్చగానే అన్నీ వెలిగాయి, కానీ అప్పటికి సగంమంది మెట్లు దిగిపోయారు. ఫ్లాష్ బయటికి తీసేటప్పుడు మొదట చూడాల్సింది ఆ సెట్టింగే.

పవర్ ఎంత పెట్టాలి

ఫ్లాష్‌తో తీసే ఫొటోలో రెండు లైట్లుంటాయి, హాల్లో ముందే ఉన్నది ఒకటి, మీ ఫ్లాష్ ఇంకొకటి. షట్టర్ స్పీడ్ హాల్ లైటునే మారుస్తుంది, ఫ్లాష్‌ని పట్టించుకోదు. అపర్చర్, ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ ఎంత స్పందించాలో చెప్పే సెట్టింగు) రెండు లైట్లనీ మారుస్తాయి. కాబట్టి వరస ఇలా పెట్టుకోండి. ఫ్లాష్ ఆపేసి, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400 పెట్టి, హాలు ఒకటిన్నర, రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకీ వెలుతురు సగం) చీకటిగా కనిపించే దాకా షట్టర్ స్పీడ్ పెంచండి. నేల డిజైను మసకగా తెలుస్తూ ఉండాలి, మొహాలు చీకట్లోకి జారాలి. ఆ తర్వాత ఫ్లాష్ వేసి మొహాలు వెలిగించండి. స్పీడ్ మాత్రం మీ కెమెరా సింక్ హద్దు, అంటే ఫ్లాష్‌తో మామూలుగా వాడగలిగే గరిష్ఠ స్పీడ్, దాటకూడదు. చాలా కెమెరాల్లో అది 1/200 లేదా 1/250. దాటితే ఫొటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది.

ఫ్లాష్ పవర్ గుడ్డిగా మొదలుపెట్టక్కర్లేదు. పెట్టె మీదో, దాంతో వచ్చిన పుస్తకంలోనో గైడ్ నంబర్ ఉంటుంది, ఫ్లాష్ బలాన్ని చెప్పే అంకె అది. దాన్ని దూరంతో భాగిస్తే ఫుల్ పవర్‌కి కావలసిన అపర్చర్ వస్తుంది. మీ ఫ్లాష్‌కి 35 ఎంఎం జూమ్ దగ్గర, ఐఎస్ఓ 100కి గైడ్ నంబర్ 36 మీటర్లు అనుకుందాం. ఐఎస్ఓ 400కి అది రెట్టింపై 72 అవుతుంది. ఫ్లాష్ నుంచి మొహానికి 2 మీటర్లుంటే 72ని 2తో భాగించాలి, 36 వస్తుంది. దగ్గరి అపర్చర్ ఎఫ్ 32. మనకి కావలసింది 5.6. అంటే 32, 22, 16, 11, 8, 5.6, ఐదు మెట్లు దిగాలి. ఒక్కో మెట్టుకీ పవర్ సగం, కాబట్టి 1/32. ఫ్లాష్ ముందు వెలుతురుని మెత్తబరిచే చిన్న సాఫ్ట్‌బాక్స్ (తెల్ల గుడ్డ పెట్టె) పెడితే అది ఇంచుమించు రెండు స్టాపులు తినేస్తుంది, 1/8 దగ్గర మొదలుపెట్టండి. టెస్ట్ షాట్ చూసి అటో ఇటో జరపండి.

తక్కువ పవర్‌లో తీయడానికి ఇంకో లాభం ఉంది. ఫ్లాష్ వెంటనే మళ్ళీ రెడీ అవుతుంది. ఫుల్ పవర్‌లో ఒక్కో మెరుపుకీ సెకన్లు ఆగాలి, 2 సెకన్ల ఇంటర్వల్‌కి అందదు, కొన్ని ఫొటోలు చీకటిగా పోతాయి.

దూరం విషయంలో ఒక హెచ్చరిక. దూరం రెట్టింపైతే లైటు సగం కాదు, నాలుగో వంతుకి పడిపోతుంది. ఫ్లాష్‌కి దగ్గరగా ఉన్న మనిషికి 1.5 మీటర్లు, అవతలి మనిషికి 3 మీటర్లు అయితే ఇద్దరి మధ్య రెండు స్టాపుల తేడా. ఒకరి మొహం తెల్లగా పాలిపోతుంది, ఇంకొకరిది చీకట్లో మునిగిపోతుంది. జంట దగ్గరగా ఆనుకుని ఉంటే ఈ బాధ లేదు. గ్రూపైతే ఫ్లాష్‌ని దూరం జరిపి పవర్ పెంచండి, తేడా తగ్గుతుంది.

నీడలు మరీ నల్లగా ఉన్నాయనిపిస్తే, సీలింగు తెల్లగా, అందేంత ఎత్తులో ఉంటే, రెండో ఫ్లాష్‌ని సీలింగుకి కొట్టండి. పైనున్న కెమెరాకి అది ఎదురు లైటని ముందే అనుకున్నాం. ఎదురు లైటు మెయిన్‌గా పనికిరాదు గానీ, నీడల్ని కాస్త తేల్చడానికి దాన్ని మించింది లేదు. మెయిన్ కన్నా రెండు స్టాపులు తక్కువగా ఉంచండి. చెక్క సీలింగుకీ రంగు సీలింగుకీ కొట్టకండి, ఆ రంగు మొత్తం మొహాల మీదికి దిగుతుంది.

హాల్లో పసుపు బల్బులుంటే రంగుల గొడవ వస్తుంది. వెలుతురు రంగుని కొలిచే కెల్విన్ లెక్కలో ఫ్లాష్ వెలుతురు పగటి వెలుతురులాగా 5500 దగ్గర ఉంటుంది, పాతకాలం ఫిలమెంట్ బల్బులు 3000 దగ్గర. మొహాలు తెల్లగా, నేల నారింజ రంగులో వస్తాయి. ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) కట్టి, కెమెరాలో వైట్ బ్యాలెన్స్ కెల్విన్ అంకె తగ్గిస్తే రెండూ కలుస్తాయి. నేను సగం గాఢత జెల్‌తో ఆగుతాను, నేలకి కాస్త వెచ్చదనం మిగిలితేనే బాగుంటుంది.

మనుషులతో ఎలా మాట్లాడాలి

పైకి చూస్తూ ఉండటం చిన్న పని కాదు. పది సెకన్లకే మెడ పట్టేస్తుంది. అందుకని ముందు అంతా సర్దేయండి, వాళ్ళని మామూలుగా నిలబడనివ్వండి, కర్ర ఎత్తి సిద్ధమయ్యాక "మూడు లెక్కపెడతాను, మూడు అనగానే పైకి చూడండి" అనండి. కళ్ళు మూసుకోమని, మూడుకి తెరవమని చెబితే రెప్పలు వాల్చే బెడద కూడా సగం తగ్గుతుంది. మూడు నాలుగు ఫొటోలు తీసి తల దించమనండి. మళ్ళీ ఎత్తమనండి. పెద్దవాళ్ళుంటే కూర్చోబెట్టే తీయండి, మెడ నొప్పులతో ఉన్నవాళ్ళని అసలు అడగకండి.

తల పైకెత్తితే గడ్డం కింది చర్మం సాగి మెడ గీత చక్కగా తేలుతుంది. ఈ యాంగిల్ అంటే ఎక్కువమంది ఇష్టపడటానికి ఇదొక కారణమని నా అనుమానం. కానీ వైడ్ లెన్స్ అంచుల్లో మొహాలు సాగిపోతాయి, అంచుకి దగ్గరైనవాళ్ళ తల గుమ్మడికాయంత అవుతుంది. మొహాలన్నీ ఫ్రేమ్ మధ్య భాగంలో ఉంచండి, అంచులకి బట్టలు, నేల, చేతులు వదిలేయండి. ఎవరో ఒకరు పైకి చూడటం మర్చిపోతారు, వాళ్ళ నడినెత్తి ఒక్కటే కనిపిస్తుంది. ఫొటో అయిందని చెప్పే ముందు తెరలో ఒక్కో మొహాన్నీ లెక్కపెట్టుకోండి.

దుస్తులు సర్దడానికి ఒక మనిషిని కేటాయించండి. నిలబడి చూస్తే బాగున్నట్టుండే మడత పైనుంచి ముద్దలా కనిపిస్తుంది. అంచుల్ని వలయంగా పరిచి, ఒక పక్క కావాలనే కాస్త చెదరగొట్టమనండి. మరీ కొలిచినట్టుంటే షోరూమ్ బొమ్మలా ఉంటుంది. ఫ్లాష్ పక్క నుంచి తగులుతోంది కాబట్టి ప్రతి మడతకీ ఒక వెలుగు, ఒక నీడ దొరుకుతాయి. కెమెరా మీది ఫ్లాష్‌తో ఎప్పటికీ రానిది ఇదే.

బాల్కనీ దొరికితే

మెట్ల దారి, బాల్కనీ, పై అంతస్తు ఉంటే మోనోపాడ్ మూలన పెట్టేయండి. అక్కడ కెమెరా చేతిలోనే ఉంటుంది, పట్టీ మెడలో వేసుకోండి, జేబులో ఉన్నవి ముందే తీసేయండి. దూరం ఎక్కువ కాబట్టి 35 లేదా 50 ఎంఎం లెన్స్ వాడొచ్చు, మొహాలు సాగవు. గ్రూపు ఫొటోకి ఇంతకన్నా మంచి చోటు లేదు. ముందు వరస వెనక వరసకి అడ్డం రాదు, పొట్టీ పొడుగూ గొడవ ఉండదు.

ఇక్కడ ఒక ఫొటో తప్పకుండా ప్రయత్నించండి. హాలు ఖాళీగా, లేత రంగు నేల ఉంటే, జంటని ఒంటరిగా మధ్యలో నిలబెట్టండి. సాఫ్ట్‌బాక్స్ తీసేసి ఉత్త ఫ్లాష్‌ని వాళ్ళకి 4 మీటర్ల దూరంలో, 3 మీటర్ల ఎత్తులో పెట్టండి. మనిషి ఎత్తు 1.7 మీటర్లయితే నీడ 5 మీటర్లు దాటుతుంది. పైనుంచి చూస్తే మనుషులు చిన్న చుక్కలు, నీడలు నిలువెత్తు బొమ్మలు. ఇద్దరినీ ఒకరికొకరు ఎదురుగా, ఫ్లాష్‌కి అడ్డంగా నిలబెడితే నీడలో ముక్కు, పెదవులు, జుట్టు ముడి విడివిడిగా కనిపిస్తాయి. ఇద్దరి మధ్య కాస్త ఖాళీ ఉంచండి, లేకపోతే నీడలు కలిసి ఒకే ముద్ద అవుతాయి. లైటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా ఉంటుంది, అందుకే సాఫ్ట్‌బాక్స్ వద్దంటున్నాను. 1920లలో మాస్కోలో అలెగ్జాండర్ రోడ్చెంకో అనే ఫొటోగ్రాఫర్ మేడల మీద నుంచి కిందికి చూస్తూ వీధిలో మనుషుల్ని తీశాడు, పొడుగు నీడలతో సహా. ఆయనకి ఎండ దొరికింది, మనం ఫ్లాష్‌తో ఆ ఎండని హాల్లోకి తెచ్చుకుంటున్నాం.

డాన్సు మొదలైతే ఇంకో దారి. బాల్కనీ నుంచి సూటిగా కిందికి చూస్తూ, ఐఎస్ఓ 800, ఎఫ్ 5.6, షట్టర్ 1/15 పెట్టండి. ఫ్లాష్‌ని రియర్ కర్టెన్‌కి మార్చండి, అంటే షట్టర్ మూసుకునే ముందు వెలుగుతుంది. రెండు ఫ్లాష్‌లని డాన్సు చోటుకి ఎదురెదురు మూలల్లో, తలల ఎత్తు దాటించి పెట్టండి. ఇప్పుడు కెమెరాని స్టీరింగులా తిప్పుతూ నొక్కండి. తిప్పడం నొక్కడానికి ముందే మొదలవ్వాలి, లేకపోతే కుదుపు వస్తుంది. రంగు దీపాలన్నీ వలయాలుగా సాగుతాయి, మధ్యలో ఉన్న జంట మాత్రం నిలిచి ఉంటుంది. తక్కువ పవర్‌లో ఫ్లాష్ మెరుపు సెకనులో వెయ్యో వంతు కన్నా తక్కువ సేపే ఉంటుంది, ఎగిరిన చెయ్యి ఎగిరినట్టే ఆగిపోతుంది. పదిలో ఎనిమిది పనికిరావు. మిగతా రెండిటి కోసం ఓ ఇరవై తీయండి, పాట అయిపోయే లోపు ఆపేయండి, ఎక్కువసేపు మెరుపులు కొడుతుంటే డాన్సు చేసేవాళ్ళకి చిరాకు.

ఉంగరాలు, చెప్పులు, శుభలేఖ లాంటివి పైనుంచి తీయడం తేలిక. ఒకే జాగ్రత్త, లోహం అద్దంలాంటిది, అందులో మీ కెమెరా కనిపిస్తుంది. ఫ్లాష్‌ని బల్ల ఎత్తుకి దించి అడ్డంగా కొట్టండి, అవతలి పక్క ఒక తెల్ల అట్ట నిలబెట్టండి.

ఆరుబయట నడినెత్తిన సూర్యుడుండగా ఈ పని పెట్టుకోకండి. పైకి చూడమంటే కళ్ళు చికిలిస్తారు, కెమెరా నీడ సరిగ్గా మొహం మీదే పడుతుంది. సూర్యుడు వాలాక తీస్తే ఎండే పక్క లైటు అవుతుంది.

ఫొటో ఏ వైపు తిప్పాలి

పైనుంచి తీసిన ఫొటోకి పైనా కిందా ఉండవు. కెమెరాలో ఎలా పడితే అలా ఆల్బమ్‌లో పెట్టక్కర్లేదు. కంప్యూటర్‌లో నాలుగు వైపులా తిప్పి చూడండి, కొన్ని ఫొటోలు తలకిందులు చేశాకే ప్రాణం పోసుకుంటాయి.

ఎటు తిప్పాలో తేలకపోతే ఫ్లాష్ ఎటు నుంచి వచ్చిందో చూడండి. లైటు పైనుంచే వస్తుందని మన కంటికి అలవాటు. ఫొటోలో లైటు కింది అంచు నుంచి వస్తే బట్టల మడతలు ఉబ్బుగా కాకుండా గుంటలుగా కనిపించే ప్రమాదం ఉంది. చంద్రుడి మీద గుంటల ఫొటోని తలకిందులు చేస్తే గుట్టల్లా అనిపించడం కూడా ఈ అలవాటు వల్లే. అందుకని వెలుగు పై అంచు నుంచో, పై మూల నుంచో దిగేలా తిప్పి, కాసేపు కళ్ళు వేరే చోట పెట్టి మళ్ళీ చూడండి. మడతలు నేల మీద నుంచి లేచి కనిపిస్తే అదే సరైన వైపు, అలాగే సేవ్ చేసేయండి.